పెన్నమ్మకు తోడెవరు? ఒక ఆక్సోలాటిల్ ట్యాంకు డైరీ

నవంబర్ 4

ఆదివారం అక్క వాళ్ళు భోజనానికి వచ్చారు. మా మేనకోడలికి ఎనిమిదేళ్ళు. ట్యాంకు ముందు స్టూలు వేసుకుని అరగంట కదలకుండా కూర్చుంది. తర్వాత నా దగ్గరికొచ్చి, "మామా, ఇంత పెద్ద ట్యాంకులో అదొక్కతే ఉండాది. దానికి దిగులెయ్యదా?" అని అడిగింది.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే ఈ డైరీ మొదలుపెట్టాను. వచ్చే వేసవి లోపల పెన్నమ్మ ట్యాంకులోకి ఇంకో ప్రాణిని తేవచ్చా, తెస్తే దేన్ని తేవాలి అన్నది తేల్చుకోవాలి. చేసిందీ చూసిందీ ఎప్పటికప్పుడు రాసుకుంటూ పోతాను. ఒక తేదీన మొదలైన పని తర్వాతి రోజుల్లో ఏమైందో కూడా ఆ తేదీ కిందే చేరుస్తాను.

పెన్నమ్మ మా ఆక్సోలాటిల్. ఆడది, రెండేళ్ళు నిండాయి, ముక్కు నుంచి తోక కొస దాకా 23 సెంటీమీటర్లు. ఒళ్ళు పాలమీగడ రంగు, కళ్ళు నలుపు, తలకు రెండు పక్కలా మూడేసి ఎర్రటి మొప్పలు. అమ్మ దాన్ని తొలిసారి చూసి "ఇదేందిరా, తలకు ఈకలు పెట్టుకోనుండాది!" అంది. ఇది చేప కాదు, సాలమాండర్ జాతి ఉభయచరం. తోకకప్ప పెరిగి కప్పవుతుంది కదా, ఇది మాత్రం జీవితాంతం పిల్ల రూపంలోనే, మొప్పలతోనే, నీళ్ళలోనే ఉండిపోతుంది. పుట్టిల్లు మెక్సికో సిటీ దక్షిణ అంచునున్న సోచిమిల్కో సరస్సు, దాని కాలవలు. సముద్ర మట్టానికి రెండు వేల మీటర్లకు పైన ఉన్న చల్లటి నీళ్ళు అవి. మాది నెల్లూరు. ఆ తేడాను పూడ్చడమే నా పనిలో సగం.

ట్యాంకు పొడవు 4 అడుగులు, వెడల్పు అడుగున్నర. నీళ్ళు 200 లీటర్లు పడతాయి. నీళ్ళను చల్లబరిచే మిషన్ ఉంది, చిల్లర్ అంటారు. దాన్ని 17 డిగ్రీల దగ్గర పెట్టాను. అడుగున గులకరాళ్ళు లేవు, ఎందుకంటే నోటికందిన రాయినల్లా మింగి పేగుల్లో ఇరికించుకుంటుంది. వాటి బదులు కడప బండ ముక్కలు పరిచి, ఒక మూల మట్టి కుండను పక్కకు పడుకోబెట్టాను. అదే దాని ఇల్లు. మా వీధి బోరు నీళ్ళు ఉప్పన. మినరల్ వాటర్ క్యాన్‌లో ఖనిజాలు మరీ తక్కువ. అందుకని మున్సిపాలిటీ నీళ్ళే పట్టి, క్లోరిన్ విరిచి వాడుతున్నాను.

నవంబర్ 9

ముందు దాని సొంత ఊరి కథ చదివాను. మనసు బాగా బరువెక్కింది.

సోచిమిల్కోలో ఒకప్పుడు పెద్ద వేటగాడు ఇదే. తర్వాత ఆ నీళ్ళలోకి జనానికి తిండి కోసమని కార్ప్ చేపల్నీ తిలాపియానీ వదిలారు. అంటే మన బంగారుతీగ, మన జిలేబి చేప. అవి దీని గుడ్లు తిన్నాయి, పిల్లల్ని తిన్నాయి, మేతకు పోటీ వచ్చాయి. దానికి నీళ్ళ కాలుష్యం తోడైంది. 1998 సర్వేలో చదరపు కిలోమీటరుకు సుమారు 6,000 లెక్క తేలితే, 2014 నాటికి ఆ అంకె 36కు పడిపోయింది. ప్రపంచమంతా ఇళ్ళలో, ల్యాబుల్లో లక్షల కొద్దీ పెరుగుతున్న జీవి సొంత సరస్సులో దొరకడమే గగనమైపోయింది.

నేను కూడా ఇప్పుడు దాని నీళ్ళలోకి ఎవరినో దించాలని చూస్తున్నాను కదా అనిపించింది. అందుకే కొన్ని ప్రశ్నలు రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. వచ్చే ప్రాణి 16 నుంచి 18 డిగ్రీల నీళ్ళలో కష్టపడకుండా బతకగలదా? పెన్నమ్మ నోట్లో పట్టేంత చిన్నదైతే, మింగినా గొంతుకు అడ్డం పడకుండా ఉంటుందా? పట్టనంత పెద్దదైతే, పెన్నమ్మను కొరకకుండా ఉంటుందా? దాంతో పాటు రోగం రాదని ఎట్లా నమ్మాలి? వీటిలో ఒక్కదానికి జవాబు "లేదు" అని వచ్చినా ఆ పేరు కొట్టేస్తాను.

నవంబర్ 15

ఇక్కడి అక్వేరియం షాపుకు వెళ్ళాను. షాపతను మంచివాడు, ఓపికగా ఒక్కొక్కటే చూపించాడు. ముందు గోల్డ్ ఫిష్. "చల్లనీళ్ళల్లో బాగుంటాదన్నా, తెచ్చి ఎయ్యి" అన్నాడు. చల్లటి నీళ్ళ విషయం నిజమే. కానీ గోల్డ్ ఫిష్‌కు కనిపించిన ప్రతిదాన్నీ నోటితో తడిమి చూసే అలవాటు. ఎర్రటి మొప్పల పోగులు నీళ్ళలో అల్లాడుతుంటే వాటికి పురుగుల్లాగే కనిపిస్తాయి. పైగా అది వేసే మలం ఎక్కువ, దాంతో నీళ్ళను విషం చేసే అమ్మోనియా ఎక్కువ.

తర్వాత సక్కర్ ఫిష్. అద్దానికి పట్టిన పాచి తింటుందని అందరూ కొంటారు. రాత్రిపూట అది ఆక్సోలాటిల్ ఒంటికి అతుక్కుని చర్మం మీది జిగురు పొరను గీకేస్తుంది. కదలకుండా పడుకునే జీవికి అంతకంటే నరకం లేదు. ఈ చేప గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. పెద్దదైపోయిందని ఎవరో వదిలేస్తే మన చెరువుల్లోకి చేరి, వలలు చింపి, రైతుల్ని ఏడిపిస్తున్నది ఈ రకమే. ఇంట్లో వద్దనుకున్న ఏ ప్రాణినీ పెన్నలోనో చెరువులోనో వదలకండి, దయచేసి.

మూడోది కోరిడోరాస్. చిన్నగా, ముద్దుగా, అడుగున ఏరుకు తింటూ తిరిగే చేప. నా మనసు దాని మీదికి పోయింది, కాదనను. ఇంటికొచ్చి అమ్మకు ఫోటో చూపించాను. "జెల్లపిల్ల మాదిరుండాదే. ముళ్ళుంటాయా?" అంది. ఆ ఒక్క ప్రశ్నతో లెక్క తేలిపోయింది. జెల్లలు తోమేటప్పుడు అమ్మ ముందు పక్క ముళ్ళు రెండూ, వీపు ముల్లూ విరిచి పారేస్తుంది. చిన్నప్పుడు ఒకసారి ఆ ముల్లు నా బొటనవేలికి దిగితే రెండు రోజులు చెయ్యి వాచింది. కోరిడోరాస్ కూడా జెల్ల చుట్టమే. బెదిరితే ముళ్ళు నిక్కబొడిచి బిగించేస్తుంది. పెన్నమ్మ దాన్ని మింగబోతే ముల్లు గొంతులో దిగి, మింగలేక కక్కలేక రెండూ చచ్చిపోతాయి.

ఖాళీ చేతుల్తో ఇల్లు చేరాను.

నవంబర్ 24

గప్పీలనే చిన్న రంగు చేపల సంగతి తేల్చుకుందామని మూడింటిని తెచ్చి వేరే టబ్బులో వేశాను. షాపులో నీళ్ళు 27 డిగ్రీలు. రోజుకు కొద్దికొద్దిగా దించుకుంటూ వచ్చాను. 22 దాకా ఆడుకున్నాయి. 19కి వచ్చేసరికి రెక్కలు ఒంటికి ముడుచుకుని అడుగుకు చేరాయి. 18 దగ్గర మేత వేసినా పైకి రాలేదు. అంతకంటే చూడలేక మళ్ళీ మెల్లగా వేడి పెంచాను. ఇప్పుడు మూడూ అమ్మ తులసికోట పక్కనున్న తామర తొట్టిలో హాయిగా ఉన్నాయి. ఆక్సోలాటిల్‌తో గప్పీలు ఉంచవచ్చని చాలామంది అంటారు. ఉంచితే, రెంటిలో ఒకటి ఎప్పుడూ తనకు సరిపడని నీళ్ళలోనే ఉంటుంది.

పక్కింటి పెద్దాయన "కార్పొరేషనోళ్ళు దోమల కోసరం కాలవల్లో వదిలే చేపలుంటాయి చూడు, అవి చలికీ ఎండకీ చావవు" అని సలహా ఇచ్చారు. గంబూసియా. గట్టి చేపే, నిజం. కానీ తోటి చేపల రెక్కలు కొరికే గుణం దానిది. మొప్పలు బయటేసుకుని తిరిగే జీవి పక్కన దాన్ని ఉంచలేను.

డిసెంబర్ 3

వాయుగుండం. మొన్న రాత్రి నుంచి ఈదురుగాలి, వాన. నిన్న తెల్లవారుజామున పోయిన కరెంటు ఈ రోజు మధ్యాహ్నానికి వచ్చింది. మా ఇన్వర్టరు చిల్లర్‌ను మోయదు. ఫిల్టరు మాత్రం దాని మీద రాత్రి దాకా నడిచింది. తర్వాత చిన్నాయన ఇచ్చిన బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టాను. బయట చల్లగా ఉంది కాబట్టి నీళ్ళు 17 నుంచి 21.5 దాకా మాత్రమే ఎక్కాయి. గడ్డకట్టిన వాటర్ బాటిళ్ళు ఒక్కొక్కటే వేసుకుంటూ వచ్చాను. ఒక్కసారిగా చల్లబడినా దానికి మంచిది కాదు.

పెన్నమ్మకేం కాలేదు. టెన్షన్ అంతా నాకే. ఇదే ట్యాంకులో ఇంకో పది చేపలుండి ఉంటే ఆ రాత్రి ఆక్సిజన్ ఎంతమంది పంచుకునేవాళ్ళు, అమ్మోనియా ఎంత ఎక్కేది అన్న లెక్క ఇంతకుముందు నాకు తట్టలేదు. ఫ్రిజ్ మీది కాగితానికి ఆ ప్రశ్న కూడా చేర్చాను.

డిసెంబర్ 16

వైట్ క్లౌడ్ మిన్నోలు చెన్నై నుంచి వచ్చాయి, ఎనిమిది. నాలుగు సెంటీమీటర్లకు మించని చిన్న చేపలు. పక్కన వెండి గీత, తోక మొదట్లో ఎరుపు. చైనాలో గ్వాంగ్‌జౌ దగ్గరి తెల్లమబ్బుల కొండ సెలయేళ్ళవి, పేరు కూడా అక్కడిదే. 18 డిగ్రీలంటే వాటికి సొంతిల్లు. ముళ్ళు లేవు. మింగినా ప్రమాదం లేదు. నేను రాసుకున్న ప్రశ్నల్లో చాలావాటికి సరైన జవాబిచ్చిన మొదటి చేప ఇదే.

వెంటనే కలపలేదు. నెల రోజులు వేరే టబ్బు, వేరే వల, వేరే బకెట్టు. ఈ పద్ధతి నేను చిన్నాయన దగ్గర నేర్చుకున్నాను. ఆయనకు ఇందుకూరుపేట పక్క వనామి రొయ్యల గుంటలున్నాయి. హేచరీ నుంచి పిల్ల తెచ్చే ముందు పీసీఆర్ పరీక్ష చేయించకుండా ఒక్క రొయ్యపిల్లనూ గుంటలో వెయ్యడు. తెల్లమచ్చ రోగం తగిలి ఒక పంట మొత్తం రెండు మూడు రోజుల్లో గట్టుకు కొట్టుకొచ్చిన ఏడాది ఆయన ముఖం నాకింకా గుర్తుంది. "కంటికి బాగుండాదని నమ్మబాకు అబ్బయ్యా. రోగం ఈదుకుంటా రాదు, నీళ్ళతో వస్తాది" అంటాడు. నీళ్ళలో చేరే విషాలైన అమ్మోనియా, నైట్రైట్‌లను కొలవడానికి ఆయన గుంటలకు వాడే కిట్లతోనే నేనూ నీళ్ళు పరీక్షిస్తాను.

నాలుగో రోజు ఒక చేప ఒంటి మీద పంచదార చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపించాయి. ఇది రొయ్యల తెల్లమచ్చ కాదు, చేపలకు పట్టే పరాన్నజీవి. ట్యాంకులో నేరుగా వేసుంటే పెన్నమ్మ ఉన్న నీళ్ళలో మందు వాడాల్సి వచ్చేది. ఉభయచరాల పల్చటి చర్మం మందుల్ని పీల్చేసుకుంటుంది, చేపల మందులు చాలావరకు వాటికి పడవు. వేరే టబ్బు కాబట్టి నిదానంగా నయం చేసుకున్నాను. ఎనిమిదిలో ఏడు మిగిలాయి. నయమైన రోజు నుంచి మళ్ళీ నెల లెక్క మొదలు.

జనవరి 27

ఏడింటినీ పెద్ద ట్యాంకులోకి వదిలాను. మొదటి పది నిమిషాలు ఇల్లంతా ట్యాంకు ముందే ఉంది. వెండి గీతలు గుంపుగా పైపైన తిరుగుతున్నాయి. పెన్నమ్మ కుండలోంచి తల బయటపెట్టి చూస్తోంది. చూస్తోందని రాశాను గానీ దానికి చూపు అంతంతమాత్రం. వాసన, నీళ్ళ కదలిక, వీటితోనే లోకం తెలుస్తుంది దానికి.

జనవరి 31

రాత్రి పదకొండుకు వేట కళ్ళారా చూశాను. ఒక మిన్నో నిద్రమత్తులో కిందికి జారి కుండ అంచు దగ్గరికొచ్చింది. పెన్నమ్మ ముందరి కాలు ఒకటి ఎత్తి, గాలిలో ఉంచినట్టు నీళ్ళలో అట్లాగే ఉంచింది. తల ఒక వేలెడు పక్కకు తిప్పింది. అంతే, గొంతు కింది చర్మం సంచిలా కిందికి సాగింది, నోరు తెరుచుకుంది, నీళ్ళతో పాటు చేప లోపలికి పోయింది. కొరకడం లేదు, నమలడం లేదు, ఒక్క పీల్పు. "టప్" అన్న చిన్న చప్పుడు అద్దం ఇవతలికి వినిపించింది. ఆ తర్వాత మొప్పలు రెండుసార్లు వెనక్కి విదిలించి మళ్ళీ రాయిలా కూర్చుంది.

దాని సహజగుణం అది. నాకు బాధేం లేదు. ఆరు ఉన్నాయి.

ఫిబ్రవరి 9

ఇది మాత్రం బాధ పెట్టింది.

వారం రోజులుగా పెన్నమ్మ పగలూ రాత్రీ కుండలోనే ఉంటోంది. మొప్పలు మామూలుగా వెనక్కి వాలి ఉంటాయి. ఇప్పుడు ముందుకు వంగి ముఖాన్ని కప్పుతున్నాయి. తోక కొస కొక్కెంలా వంకర తిరిగింది. ఈ రెండూ దానికి సుఖంగా లేదని చెప్పే గుర్తులు. నీళ్ళు పరీక్షిస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రాత్రి టార్చికి ఎర్ర గ్లాసు కాగితం చుట్టి, దూరం నుంచి చూస్తూ కూర్చున్నాను. రెండు గంటలకు కనిపించింది. ఒక మిన్నో మెల్లగా వెనకనుంచి వచ్చి ఎడమ వైపు చివరి మొప్పను టుక్కున పొడిచి పారిపోయింది. పెన్నమ్మ తల విదిలించింది. మూడు నిమిషాలకు అదే చేప మళ్ళీ వచ్చింది.

పొద్దున్నే వెలుగులో భూతద్దం పెట్టి చూశాను. మిగతా ఐదు మొప్పలకు పోగులు దువ్వినట్టు ఒత్తుగా ఉన్నాయి. ఆ ఒక్కదాని పోగులు సగానికి తెగి, పాత చీపురులా మొండిగా ఉన్నాయి. ముళ్ళు లేవనీ, చల్లనీళ్ళ చేపలనీ, రోగం లేదనీ తృప్తిపడి, కొరికే అలవాటు గురించి పెద్ద చేపల్నే అనుమానించాను. చిన్నదానికీ నోరుంటుంది. తప్పు నాదే.

ఆరు మిన్నోల్నీ ఈ రోజే పట్టి తీసేశాను. వాటికి కింది స్టాండులో సొంతంగా రెండడుగుల ట్యాంకు పెట్టాను. గుంపుగా ఉండటం వాటికే ఇష్టం, ఇప్పుడవి బాగున్నాయి.

ఫిబ్రవరి 22

మొప్ప పోగులు మళ్ళీ మొలుస్తున్నాయి! కొసల దగ్గర లేత గులాబీ రంగు నూగు. కాలు తెగినా, తోక తెగినా తిరిగి పెంచుకోగల జీవి ఇది. అందుకే 1860లలో మెక్సికో నుంచి పారిస్‌కు వెళ్ళిన కొద్దిపాటి జంతువుల సంతతి మీద శాస్త్రవేత్తలు ఇప్పటికీ పరిశోధనలు చేస్తున్నారు. మనిషి జన్యుపటానికి దాదాపు పది రెట్లున్న దీని జన్యుపటం 2018లో వెలువడింది. ఇంత తెలిసినా, మళ్ళీ మొలుస్తుందిలే అన్న ధీమాతో గాయం కానిచ్చే హక్కు నాకు లేదు. తోక సర్దుకుంది. నిన్న సాయంత్రం బయటికొచ్చి నా చేతిలోంచి వానపాము తీసుకుంది.

మార్చి 5

అక్క ఫోన్ చేసి "అయితే ఇంకో ఆక్సోలాటిల్‌నే తేరాదూ?" అంది. సహజంగా వచ్చే ఆలోచనే. బాగా ఆలోచించి వద్దనుకున్నాను. మగదాన్ని తెస్తే నెలలు తిరక్కుండా గుడ్లు. ఒక్కో కాన్పుకు వందల్లో పెడుతుంది, వెయ్యి దాకా కూడా. ఆగకుండా పెడుతుంటే ఆడదాని ఒళ్ళు గుల్లవుతుంది. ఆ పిల్లలు చిన్న వయసులో ఒకదాని కాళ్ళు ఒకటి తినేస్తాయి. వాటన్నిటికీ ఇళ్ళు ఎక్కడ చూపించను?

చట్టం సంగతీ ఉంది. ఆక్సోలాటిల్ సైటిస్ జాబితాలోని జీవి. సైటిస్ అంటే అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించారు, 2024లో నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం ఇట్లాంటి జీవిని పెంచుకునేవాళ్ళు కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి. పిల్లలు పుట్టినా, చనిపోయినా తెలపాలి. పెన్నమ్మ కాగితం బీరువాలో నా ఆధార్ కార్డు పక్కనే ఉంది.

ఆడదాన్నే, ఇదే సైజుదాన్ని తేవచ్చు. చాలామంది అట్లా ఉంచుతున్నారు, కుదురుతుంది కూడా. కానీ మేత వేళ ఒకదాని కాలు ఇంకోదానికి వానపాములా తోచే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మొప్ప సగం తెగిన ఆ పొద్దు చూశాక ఆ పరీక్షకు నాకు మనసు రాలేదు.

మార్చి 19

చిన్నాయన ట్యాంకు చూడ్డానికి వచ్చాడు. చాలాసేపు చూసి, "చేపలు ఎందుకురా, రొయ్య ఎయ్యి. నెల్లూరోడివి, నీకది తట్టలేదా?" అన్నాడు.

వనామి కాదులెండి, అది ఉప్పునీళ్ళ పంట. మంచినీటి చెర్రీ రొయ్యలు, చాలా చిన్నవి. 18 డిగ్రీల్లో బతుకుతాయి, కాకపోతే కాస్త నిదానంగా పిల్లలు పెడతాయి. పెంకు మెత్తన, మింగితే మేతే. పాచి, మిగిలిపోయిన మేత ఏరుకు తింటాయి. బతికున్న మొప్ప జోలికి పోవు. ఇరవై తెప్పించి, నెల రోజులు టబ్బులో ఉంచాను. రాగి కలిసిన మందులు తగిలితే రొయ్య బతకదు, కాబట్టి మిన్నోలకు వాడిన బకెట్టును అటువైపు రానివ్వలేదు.

ఈ నెలలో ట్యాంకు కుడి మూలంతా జావా నాచు, జావా ఫెర్న్ బండలకు కట్టి పొదలా పెంచాను. పెన్నమ్మ తల దూరనంత ఒత్తుగా ఉండాలి. రొయ్యలకు అదే కోట. ఈ మొక్కలకు పెద్ద వెలుతురు అక్కర్లేదు, పెన్నమ్మకు కూడా వెలుతురు గిట్టదు. కనురెప్పలు లేని జీవి. అందుకే పైన లైటు తీసేశాను.

ఏప్రిల్ 20

ఇరవై రొయ్యలు లోపలికి వెళ్ళాయి. మొదటి వారంలో కొన్ని తగ్గాయి, లెక్క తెలియదు. బతికినవి పొద వదిలి రావడం మానేశాయి. పెన్నమ్మ రెండు మూడు రోజులు ఆ పొద చుట్టూ తిరిగి, తర్వాత పట్టించుకోవడం మానేసింది. మొప్పలు వెనక్కి, తోక నిటారుగా, కుండ బయటే పడక. వారానికి మూడుసార్లు వానపాములు మామూలే. రొయ్యల మీద దాని కడుపు నింపాలన్న ఆలోచన నాకు లేదు.

మే 29

రోహిణి కార్తె. బయట 43. మిద్దె మీద కాలు పెట్టలేం. చిల్లర్ వెనక నుంచి వచ్చే వేడికి గది ఉడికిపోతోంది, కిటికీ తెరిచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాను. ఫ్రీజర్‌లో ఎనిమిది బాటిళ్ళు సిద్ధంగా ఉన్నాయి.

సెలవులకు మేనకోడలు వచ్చింది. వచ్చీరాగానే అదే స్టూలు, అదే చోటు. పొదలో కడుపు కింద పచ్చటి గుడ్లు మోస్తున్న రొయ్యను నాకంటే ముందు తనే కనిపెట్టింది. దాని పక్కన వెంట్రుకంత సన్నటి రొయ్యపిల్లలు నాచు మీద పాకుతున్నాయి. ఆ కింద కడప బండ మీద పెన్నమ్మ నాలుగు కాళ్ళూ చాపుకుని పడుకుంది. ఒక రొయ్య దాని తోక పక్కనుంచే నడిచిపోయింది. పెన్నమ్మ కదల్లేదు.

నీళ్ళు 17.5 డిగ్రీలు. అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 10, అంటే నీళ్ళు బాగున్నట్టే. ఎడమ మొప్ప మిగతావాటితో సమానం. రొయ్యలు నా లెక్కకు 27, పాప లెక్కకు 31. పాప లెక్కే రాసుకున్నాను.